మూలుగ మార్పిడా, మందులా?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని చూపిస్తే ఎప్లాస్టిక్ అనీమియా తీవ్రంగా ఉందన్నారు. ప్లేట్‌లెట్లు 9 వేలే. మూలుగ మార్పిడి తప్పదా?

జవాబు: ఇది క్యాన్సర్ కాదు, మూలుగలో రక్తకణాల తయారీ పడిపోయే జబ్బు. చాలామందిలో సొంత రోగనిరోధక కణాలే మూలుగలోని మూలకణాలను దెబ్బతీస్తాయి. ఈ వయసులో తోబుట్టువుతో హెచ్ఎల్ఏ (కణాలపై ఉండే కణజాల గుర్తులు) పూర్తిగా కలిస్తే మార్పిడే మేలు. ఒక్కొక్కరితో కలిసే అవకాశం 25 శాతం. ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించండి. ఫ్యాంకోనీ అనీమియా (మూలుగను దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు) లేదనీ క్రోమోజోమ్ పరీక్షతో తేల్చుకోవాలి. అది ఉంటే ఏటీజీ (రోగనిరోధక కణాలను అణిచే మందు) పనిచేయదు, మార్పిడికి ముందిచ్చే మందుల మోతాదూ తగ్గించాలి.

దాత దొరక్కపోతే గుర్రాల నుంచి తయారుచేసే ఏటీజీ 4 రోజులు, దాంతోపాటు రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్, మూలకణాలను ప్రేరేపించే ఎల్‌ట్రాంబోపాగ్ ఇస్తారు. ఫలితానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది. నెలకే నిరాశపడకండి. సైక్లోస్పోరిన్‌ను హఠాత్తుగా ఆపితే జబ్బు తిరగబెట్టొచ్చు. బీపీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూస్తూ వాడాలి. పాలు, పెరుగులోని క్యాల్షియం ఎల్‌ట్రాంబోపాగ్‌ను ఒంటికి పట్టనివ్వదు. తెల్లవారుజామున వేసుకుని, పాలు కలిపిన కాఫీ 2 గంటలు ఆపితే సరి. పెరుగన్నం తిన్నాక వేసుకోవాలంటే 4 గంటలు ఆగాలి.

చాలా కుటుంబాలు ప్రేమతో చేసే పొరపాటొకటుంది: ఇంట్లోవాళ్లే రక్తం ఇవ్వడం. దయచేసి ఆ పని చేయకండి. రోగి శరీరం ఆ కణాలకు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు తయారుచేసుకుంటే, తర్వాత అదే కుటుంబం నుంచి వచ్చిన మూలుగను తిప్పికొట్టే ముప్పుంది. ఎక్కించే రక్తం తెల్లకణాలు వడగట్టి, రేడియేషన్ ఇచ్చినదై ఉండాలి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే పారాసిటమాల్ వేసి చూద్దామనుకోవద్దు, గంటలోపు ఆసుపత్రిలో యాంటీబయాటిక్ పడాలి.