నాగర్‌కర్నూల్‌లో వత్తు ఎక్కడ?

ప్రశ్న: అన్నా, మా ఊరి గ్రంథాలయం వాళ్ల పాత వర్డ్ ఫైళ్లు 300 దాకా ఉన్నాయి. వాటిని వెబ్ పేజీలుగా మార్చడానికి పైథాన్‌లో ప్రోగ్రామ్ రాశాను. పట్టికలు సరిచేస్తే ఫుట్‌నోట్లు మాయమవుతున్నాయి, అవి సరిచేస్తే ఇంకేదో చెడుతోంది. ప్రతిసారీ అన్నీ తెరిచి చూడాలంటే టెన్షన్. ఎలా టెస్ట్ చేయాలి?
– ఓ పాఠకుడు, కొల్లాపూర్

జవాబు: తమ్ముడూ, 300 తెరవకు. ఓ డజను బుల్లి ఫైళ్లు చేత్తో తయారుచేసుకో. ఒకదాంట్లో ఒక్క పట్టిక, ఇంకోదాంట్లో ఒక్క ఫుట్‌నోట్, మరోదాంట్లో మీ జిల్లా పేరు.

నవ్వకు. 'నాగర్‌కర్నూల్'లో మొదటి ర్ తర్వాత కంటికి కనబడని అక్షరం ఒకటుంది. యూనికోడ్‌లో దాని నంబర్ 200సి. అది పోతే 'నాగర్కర్నూల్' అయి ర కింద క వత్తు చేరుతుంది. రెండో ర్ దగ్గర మాత్రం న వత్తు ఉండాల్సిందే. ఒక్క మాటలో రెండు పరీక్షలు!

ప్రతి బుల్లి ఫైలుకూ రావలసిన ఫలితాన్ని కళ్లారా చూసి దాచిపెట్టు. దాన్నే గోల్డెన్ ఫైల్ అంటారు. కోడ్ ముట్టుకున్నప్పుడల్లా కొత్త ఫలితాన్ని దానితో పోల్చు.

నల్లగొండలో నేను డీటీపీ షాపు నడిపిన రోజుల్లో, చెత్త అక్షరాలు ఏరేద్దామని ఒక లైను రాశాను. 200సి కూడా చెత్తలో పోయింది. టెస్టులు లేక కాదు. ఎర్రగా వచ్చినవాటిని, అంటే గోల్డెన్ ఫైలుతో కలవనివాటిని, చదవకుండా కొత్త ఫలితాలనే గోల్డెన్ ఫైళ్లుగా మార్చేసే 'అన్నీ అప్‌డేట్' కమాండ్ కొట్టాను. తప్పే గోల్డెన్ ఫైల్లో ఒప్పై కూర్చుంది. సావనీర్ అచ్చయ్యాక కమిటీ పెద్దమనిషి ఫోన్: "ఏమయ్యా, మా జిల్లాకు కొత్త వత్తు ఎప్పుడు పెట్టిండ్రు?"

వెబ్ పేజీని మళ్లీ వర్డ్‌గా మార్చి పోల్చే పద్ధతిని నేను పెద్దగా నమ్మను. పోయేటప్పుడు చేసిన తప్పును వచ్చేటప్పుడు తిరగేస్తే ఏమీ జరగనట్టే కనబడుతుంది.

ఆ 300 ఫైళ్లకు లెక్కలు చాలు. ప్రోగ్రామ్ మధ్యలో ఆగకూడదు, లోపలికి పోయినన్ని పట్టికలు, ఫుట్‌నోట్లు బయటికి రావాలి. డాక్ఎక్స్ (ఇప్పటి వర్డ్ రకం) ఫైలంటే జిప్ మూటే, విప్పితే లోపల ఫుట్‌నోట్ల ఫైలు విడిగా ఉంటుంది. లెక్క రెండు ఎక్కువొస్తే కంగారుపడకు. నోట్ల పైన గీత గీయడానికి వర్డ్ పెట్టుకునే ఎంట్రీలు మామూలుగా రెండుంటాయి, వాటిని తీసేసి లెక్కపెట్టు.