యంత్రాల బొమ్మల పుస్తకం కొనేముందు ఏ పేజీ తెరిచి చూడాలి?

ఫ్యాను, సైకిలు, ఫ్రిజ్, ఏది చూసినా "ఇదెలా పనిచేస్తుంది?" అని మీ ఏడేళ్ళ అబ్బాయి అడుగుతున్నాడనీ, బొమ్మల పుస్తకాలు బోలెడున్నాయి గానీ ఏది మంచిదో తేలడం లేదనీ రాశారు. వీడియోలు ఉండగా అసలు పుస్తకం ఎందుకని కూడా అడిగారు. మా అమ్మాయి దాదాపు ఆ వయసు నుంచే ఇలాంటి పుస్తకాలతో పెరిగింది. పెద్ద క్లాసులకు వచ్చాక కూడా వాటిని ఎవరికీ ఇవ్వనివ్వదు. ఆమెతో కూర్చుని చదివినందువల్ల నాకు తెలిసింది చెబుతాను.

ఇలాంటి పుస్తకం చేతికొస్తే నేను ముందు వెతికేది కుట్టు మిషను పేజీ. బొమ్మ వేసినవాళ్ళకు విషయం నిజంగా తెలుసో లేదో అక్కడ తేలిపోతుంది. మిషను కుట్టుకు రెండు దారాలు కావాలి. ఒకటి సూదిలో ఉంటుంది, ఇంకొకటి కింద బాబిన్‌లో. రెండూ గుడ్డ మధ్యలో ఒకదాన్నొకటి మెలివేసుకుంటే కుట్టు పడుతుంది. ఇంతవరకూ ఏ పుస్తకమైనా చెబుతుంది. ఆ తరవాతే అసలు చిక్కు. పై దారం రీలుకు చుట్టి ఉంది, కింది దారం బాబిన్‌కు చుట్టి ఉంది. దూర్చడానికి విడి కొసే లేనప్పుడు ఒక దారంలోంచి ఇంకో దారం ఎలా వెళ్తుంది? మా అమ్మాయి సరిగ్గా ఇదే అడిగింది. అప్పుడు మా చేతిలో ఉన్న పుస్తకంలో దానికి జవాబు లేదు. కళ్ళూ నోరూ పెట్టి గీసిన మిషను, సూది పక్కన పైకీ కిందకీ రెండు బాణాలు, "మోటారు తిరిగితే సూది కుడుతుంది" అని ఒక వాక్యం, అంతే.

తరవాత దొరికిన పుస్తకంలో ఇదే సంగతి వరసగా చిన్న చిన్న బొమ్మల్లో ఉంది. గుడ్డను అడ్డంగా కోసినట్టు చూపించి, పై దారానికి ఎరుపు, కింది దారానికి నీలం వేశారు. సూది అడుగుదాకా దిగి, మళ్ళీ పైకి లేవడం మొదలుపెట్టగానే దారం కాస్త వదులవుతుంది. సూది పక్కన చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. కింద తిరుగుతున్న కొక్కెం ఆ ఉచ్చును అందుకుని, పెద్దది చేసి, బాబిన్ మొత్తం చుట్టూ తిప్పేస్తుంది. అంటే కింది దారం కొస ఎక్కడా దూరనక్కర్లేదు. బాబిన్ బాబిన్‌గా ఉచ్చులోంచి దాటిపోతుంది! ఆపైన మీట పై దారాన్ని లాగి బిగిస్తుంది, కింది పళ్ళు గుడ్డను ముందుకు జరుపుతాయి. చేతి సూదికి కన్ను వెనక ఉంటే మిషను సూదికి మొన దగ్గర ఎందుకుందో కూడా ఆ బొమ్మలోనే తెలిసిపోతుంది. దారాన్ని కిందకు దించి ఉచ్చు చేస్తే చాలు, సూది మొత్తం గుడ్డను దాటి అవతలికి వెళ్ళక్కర్లేదు. అమెరికాలో ఎలియాస్ హోవ్ 1846లో పేటెంటు తీసుకున్న మిషనులో కూడా మొన దగ్గర కన్నున్న సూది, రెండు దారాల కుట్టు ఉన్నాయి. ఆ పేజీ చూశాక మా అమ్మాయి మిషను పక్క చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ, ఉచ్చు ఎప్పుడు పడుతుందా అని చాలాసేపు చూసింది.

కాబట్టి నేను చెప్పేది ఒకటే. పేజీ మీద వేలు పెట్టి మొదటి కదలిక నుంచి చివరిదాకా రండి. అడుగడుగునా "అయితే ఏమవుతుంది?" అని అడగండి. బొమ్మ ప్రతిసారీ జవాబు చెబితే కొనండి. ఎక్కడైనా గొలుసు తెగి, బాణం గుర్తు ఒకటి దాన్ని కప్పేస్తే వదిలేయండి. రంగులు, కాగితం, ఎన్ని యంత్రాలున్నాయన్నది, ఇవన్నీ తరవాతి మాట. వంద యంత్రాలకు తలా ఒక బొమ్మ ఇచ్చిన పుస్తకం కంటే పది యంత్రాలకు తలా రెండు పేజీలు ఇచ్చినదే నాకు నచ్చుతుంది.

వీడియోల సంగతి. నేను వాటికి వ్యతిరేకం కాదు. గేర్లు, ఇంజను పిస్టన్ లాంటివి కదులుతుంటే చూడాల్సిందే. కాకపోతే వీడియో దాని వేగంతో అది పోతుంది. పుస్తకంలో ముందు జరిగిందీ తరవాత జరిగిందీ ఒకేసారి కళ్ళ ముందుంటాయి. పిల్లలు రెండో బొమ్మ నుంచి నాలుగోదానికి వెళ్ళి, మళ్ళీ రెండోదానికి వచ్చి సరిపోల్చుకుంటారు. అర్థం చేసుకోవడం ఆ వెనక్కీ ముందుకీ తిరగడంలోనే జరుగుతుందని నా నమ్మకం. అందుకే మా ఇంట్లో పుస్తకం ముందు, వీడియో తరవాత.

బొమ్మ అందంగా ఉన్నా విషయం తప్పుదారి పట్టే చోటు ఫ్రిజ్. నీలం బాణాలు వేసి "చల్లదనాన్ని తయారుచేస్తుంది" అని రాసిన పుస్తకాన్ని పక్కన పెట్టేయండి. ఫ్రిజ్ లోపలి వేడిని బయటికి తోడేస్తుంది. గొట్టాల్లోని ద్రవం లోపల ఆవిరవుతూ వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని గట్టిగా నొక్కి బయటి గొట్టాల్లోకి పంపితే, అక్కడ అది వేడిని వదిలేసి మళ్ళీ ద్రవమవుతుంది. ఫ్రిజ్ వెనకో పక్కనో వెచ్చగా తగిలేది అందుకే. అర్థమైందో లేదో చూడాలంటే, ఫ్రిజ్ తలుపు తెరిచి పెడితే గది చల్లబడుతుందా అని అడగండి. లోపల్నుంచి తోడిన వేడి అదే గదిలోకి వస్తుందనీ, కంప్రెసర్ వేడి కూడా దానికి తోడై గది ఇంకాస్త వేడెక్కుతుందనీ మీ అబ్బాయి చెబితే ఆ పుస్తకం తన పని చేసినట్టే.

పేరు చెప్పాలంటే, 1988లో వచ్చిన డేవిడ్ మెకాలే 'ది వే థింగ్స్ వర్క్' ఒకటుంది. అందులో యంత్రాలను వాటి వెనకున్న సూత్రాన్ని బట్టి పేర్చారు. జిప్పు, వాలుతలం కింద వస్తుంది. జిప్పు ముక్క లోపల ఉన్న చీలల్లాంటి ఏటవాలు అంచులే పళ్ళను కలుపుతాయి, విడదీస్తాయి మరి. గొప్ప పుస్తకం, కానీ లావుగా, వివరంగా ఉంటుంది. ఏడేళ్ళవాడు ఒంటరిగా చదవలేడు. పక్కన కూర్చుని రోజుకో యంత్రం చూపించే ఓపిక మీకుంటేనే ఇప్పుడు తీసుకోండి.

ఫోన్లు, కంప్యూటర్లు మొదటే వద్దు. చిప్‌ను కోసి చూపించినా కంటికి ఏమీ కదలదు. చాలా పుస్తకాలు "ఇది ఫోను మెదడు" అని తేల్చేస్తాయి. దానివల్ల పిల్లలకు పేరు తెలుస్తుంది గానీ పని తెలియదు. కళ్ళకు కనబడేవాటితో మొదలుపెట్టండి. తాళం, సైకిలు ఫ్రీవీల్, ఫ్లష్ ట్యాంకు లాంటివి. ట్యాంకు మూత తీసి పుస్తకంలోని బొమ్మ పక్కన పెట్టి చూస్తే ఎంత సంబరపడతారో! నీళ్ళు దిగుతుంటే ఫ్లోటు దిగుతుంది, వాల్వు తెరుచుకుంటుంది. నీళ్ళు నిండేకొద్దీ ఫ్లోటు లేచి అదే వాల్వును మూసేస్తుంది. ఎవరూ కాపలా లేకుండా నీళ్ళు తమంతట తామే ఆగిపోవడం పిల్లలకు పెద్ద అద్భుతం.

ఇంకో మాట. ఈ పుస్తకాలు చదివిన పిల్లలు స్క్రూడ్రైవర్ పట్టుకుంటారు, పట్టుకోనివ్వండి. పాడైన గడియారం, పాత తాళం ఇవ్వండి. గోడ ప్లగ్గుతో నడిచేవి మాత్రం మీరు పక్కన లేకుండా విప్పకూడదని గట్టిగా చెప్పండి. మైక్రోవేవ్ అయితే మీరున్నా విప్పొద్దు. ప్లగ్గు పీకేసిన తరవాత కూడా అందులోని కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉండొచ్చు. అలాంటి హెచ్చరిక పేజీలోనే రాసిన పుస్తకం కనబడితే నేను ఇంకేమీ చూడకుండా దాన్నే ఎంచుకుంటాను.