ఎక్స్‌రే బాగుంది, ఆయాసం తగ్గట్లేదు (రాయగడ సభ్యుడి ప్రశ్నకు)

రాయగడ నుంచి ఒక సభ్యుడు తన నాన్నగారి గురించి అడిగారు: తుంటి ఆపరేషన్ అయిన మూడు వారాలకు హఠాత్తుగా ఆయాసం, ఒక కాలు వాపు, రక్తంలో ఆక్సిజన్ 89 శాతం, ఎక్స్‌రే మాత్రం బాగుంది, ఏం చేయాలి అని. మొదట అనుమానించాల్సింది ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డనే. ఎక్స్‌రే, ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన అది లేదని కాదు. గ్యాస్ మాత్ర వేసి రేపు విశాఖ వెళ్దామనుకోకండి.

1. ఇప్పుడే 108కి ఫోన్ చేయండి. నాన్నగారిని నడిపించొద్దు. వాచిన కాలికి మర్దనా అసలే వద్దు (ఇంట్లో ఎవరో ఒకరు నూనె గిన్నెతో వస్తారు, ఆపండి).

2. చాలామంది వదిలేసేది ఇక్కడే: స్థానిక ఆసుపత్రిలో మందు మొదలుపెట్టకుండా పెద్దాసుపత్రికి పంపేస్తారు. కోరాపుట్ అయినా, బరంపురం అయినా, విశాఖ అయినా దారిలోనే గంటలు పోతాయి. అనుమానం బలంగా ఉంటే సీటీ స్కాన్ అయ్యేదాకా ఆగక్కర్లేదు. "హెపారిన్ ఇక్కడే ఇచ్చి పంపగలరా?" అని డ్యూటీ డాక్టర్‌ని అడగండి (గడ్డ పెరగకుండా ఆపే మందు అది). ఆపరేషన్ తేదీ, పాత స్ట్రోక్, రక్తస్రావం, కిడ్నీ జబ్బు ఉంటే వాళ్లు అడగకపోయినా చెప్పండి. ఇవ్వొచ్చా లేదా అన్నది వాటిని బట్టే తేలుతుంది. ఇచ్చిన టైము, మోతాదు రిఫరల్ చీటీ మీద రాయించుకోండి.

3. డి-డైమర్ (రక్తంలో గడ్డ ఉందేమో సూచించే రక్తపరీక్ష) రిపోర్టు కోసం కూర్చోవద్దు. ఆపరేషన్ తర్వాత అది ఎలాగూ పెరిగే ఉంటుంది. కావాల్సింది సీటీ పల్మనరీ యాంజియోగ్రామ్ (ఊపిరితిత్తుల రక్తనాళాల్లో గడ్డను చూపే స్కాన్), మామూలు ఛాతీ సీటీ కాదు. రాత్రిపూట తీస్తారో లేదో ఫోన్ చేసి కనుక్కునే బయల్దేరండి.

4. పై బీపీ 90 కంటే పడిపోయినా, స్పృహ తప్పినా దగ్గర్లోని ఎమర్జెన్సీలోనే ఆగండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఆలోచించాల్సింది అప్పుడే. ఆపరేషన్ కొత్తది కాబట్టి రక్తస్రావం ప్రమాదం ఎక్కువ, ఆ నిర్ణయం డాక్టర్లదే.