ప్రశ్నలు – జవాబులు: సర్కారు చేతిలో ఎయిర్ ఇండియా ఎందుకు నిలదొక్కుకోలేకపోయింది?

ప్రశ్న: ప్రభుత్వం నడిపిన రోజుల్లో ఎయిర్ ఇండియా విమానం ఎప్పుడు ఎక్కినా దాదాపు నిండుగానే ఉండేది. పేపర్లో మాత్రం ఏటా వేల కోట్ల నష్టమని రాసేవారు. సీట్లు నిండాక నష్టం ఎలా వస్తుంది?
– కామర్స్ అధ్యాపకుడు, కాకినాడ

జవాబు: సీట్లు నిండటం వేరు, ఖర్చులు రావడం వేరు. ఊహించుకున్న అంకెలతో ఒక లెక్క వేద్దాం. 180 సీట్ల విమానం 1,000 కిలోమీటర్లు వెళ్తుంది. మనిషి ఉన్నా లేకపోయినా ఒక్కో సీటుకు కిలోమీటరుకు రూ.4.50 ఖర్చయితే, ట్రిప్పుకు రూ.8,10,000. ప్రయాణికుడి నుంచి కిలోమీటరుకు రూ.5 వస్తుందనుకోండి. 144 మంది ఎక్కితే, అంటే 80 శాతం నిండితే, రాబడి రూ.7,20,000. ఆ ట్రిప్పులో రూ.90,000 పోయినట్టే. 162 మంది ఎక్కితే గానీ లెక్క సరిపోదు.

ఎయిర్ ఇండియా ఖర్చుల్లో పెద్ద బరువు వడ్డీది. 2005-06లో రెండు ప్రభుత్వ సంస్థలు కలిపి 111 విమానాలకు ఆర్డరిచ్చాయి. ఎయిర్ ఇండియా బోయింగ్‌కు 68, ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్‌కు 43. పాతవి అరిగిపోయాయి కాబట్టి కొత్తవి కావాల్సిందే. తప్పు కొన్న పద్ధతిలో ఉంది. యజమాని పెట్టిన మూలధనం నామమాత్రం, మిగతాదంతా అప్పే. విమానం ఎగిరినా హ్యాంగర్లో ఉన్నా వడ్డీ కట్టాలి. విమానాలు రావడం మొదలైన కొద్దికాలానికే, 2008 జులైలో ముడిచమురు పీపా 147 డాలర్లు తాకింది.

ఆ ఆర్డరులో బోయింగ్ 777-200ఎల్ఆర్ రకం ఎనిమిది ఉన్నాయి. ఆగకుండా 15, 16 గంటలు ఎగరడానికి చేసిన విమానం అది. దూరం పెరిగేకొద్దీ ఇంధనాన్ని మోయడానికే ఇంధనం కాలుతుంది; అదనంగా ఎక్కించిన ప్రతి టన్నులో గంటకు సుమారు 3, 4 శాతం ఆ మోతకే పోతుంది. చమురు చవకగా ఉంటే, ముందు క్యాబిన్ (బిజినెస్, ఫస్ట్ క్లాస్) టికెట్లు మంచి ధరకు అమ్ముడైతే గిట్టుబాటు. లేకపోతే మనిషికింత అని చేతి నుంచి పెట్టుకోవడమే. చివరకు వాటిలో ఐదింటిని అబుదాబి విమానయాన సంస్థ ఎతిహాద్‌కు అమ్మేశారు.

"సిబ్బంది ఎక్కువ, అందుకే మునిగింది" అనే మాట తరచూ వింటాం. 2021లో టాటాలకు అమ్మకం ఖాయమయ్యే నాటికి ఎయిర్ ఇండియాలో 12,085 మంది, 117 విమానాలు. విమానానికి సుమారు 103 మంది. ఘోరమైన అంకె ఏమీ కాదు. అయితే అప్పటికే ఇంజినీరింగ్, గ్రౌండ్ హ్యాండ్లింగ్ వాళ్లను అనుబంధ సంస్థల్లోకి మార్చారు కాబట్టి ఈ అంకె అసలు కంటే చిన్నగా కనిపిస్తుంది.

ప్రశ్న: 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను కలిపారు కదా, ఖర్చు తగ్గాలి. ఎందుకు తగ్గలేదు?
– బ్యాంకు ఉద్యోగిని, వరంగల్

జవాబు: కాగితం మీద కలిశాయి, రన్‌వే మీద కలవలేదు. ఒకరివి ప్రధానంగా బోయింగ్‌లు, ఇంకొకరివి ఎయిర్‌బస్‌లు. ఎయిర్‌బస్ ఎ320 నడిపే పైలట్‌ను రేపు బోయింగ్ 777 ఎక్కమంటే కుదరదు. ప్రతి రకానికీ వేరే రేటింగ్ (ఆ రకం నడిపే అనుమతి), వేరే సిమ్యులేటర్ శిక్షణ కావాలి. విడిభాగాల గోదాములూ వేరే. కాబట్టి విలీనంతో మిగులుతుందనుకున్న సొమ్ములో చాలా భాగం మొదటి నుంచీ ఊహే. రెండు కంప్యూటర్ వ్యవస్థలు, ఏఐ, ఐసీ అనే రెండు విమాన కోడ్‌లు 2011 దాకా నడిచాయి.

జీతాలు, సీనియారిటీ తేల్చకుండా ముందు పెళ్లి చేశారు. 2011లో పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమాన వేతనం కోసం సమ్మె చేశారు. 2012లో పాత ఎయిర్ ఇండియా పైలట్లు బోయింగ్ 787 శిక్షణ అవతలివాళ్లకు ఇవ్వొద్దంటూ 58 రోజులు విధులకు రాలేదు. సరిగ్గా అదే ఏడాది ప్రభుత్వం 2020-21 దాకా విడతలవారీగా రూ.30,231 కోట్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ డబ్బు కొత్త వ్యాపారానికి కాదు, ఎక్కువగా పాత అప్పులకే.

ప్రశ్న: ప్రభుత్వ ఖర్చుతో వెళ్లేవాళ్లంతా అందులోనే వెళ్లాలనే నిబంధన ఉండేది. ఇంతకంటే భరోసా ఏముంటుంది?
– రిటైర్డ్ తహసీల్దారు, శ్రీకాకుళం

జవాబు: గిరాకీకి భరోసా ఉంది, చెల్లింపుకు లేదు. శాఖలు టికెట్లు అరువుకు తీసుకునేవి. వీవీఐపీ విమానాల బిల్లులూ ఏళ్లు పెండింగులో ఉండేవి. సంస్థ మాత్రం తన బాకీ ఆపితే ఊరుకునేవాళ్లు లేరు. 2019 ఆగస్టులో ప్రభుత్వ చమురు సంస్థలే విశాఖపట్నం సహా ఆరు విమానాశ్రయాల్లో ఎయిర్ ఇండియాకు ఇంధనం ఆపేశాయి. అలాంటప్పుడు బయలుదేరిన చోటే తిరుగు ప్రయాణానికి కూడా నింపుకోవాలి. బరువు పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది, కొన్నిసార్లు సరుకు దించాల్సి వస్తుంది. అమ్మకం ఖాయమయ్యాక, 2021 అక్టోబరులో గానీ బాకీలు తీర్చండి, ఇకపై నగదిచ్చి కొనండి అని ఆర్థికశాఖ ఉత్తర్వివ్వలేదు!

ప్రశ్న: 2018లో ఒక్కరూ ముందుకు రాలేదు. 2021లో టాటాలు రూ.18,000 కోట్లకు ఎలా కొన్నారు?
– సీఏ విద్యార్థి, విజయవాడ

జవాబు: షరతులు మారాయి. 2018లో 76 శాతమే ఇస్తామన్నారు. 24 శాతంతో ప్రభుత్వం లోపలే కూర్చుంటుంది, పైగా రూ.33,392 కోట్ల అప్పు, బకాయిలు నెత్తిన పెట్టుకోవాలి. ఏ వ్యాపారీ దానికి ఒప్పుకోడు. రెండోసారి 100 శాతం ఇచ్చారు. ఎంత అప్పు మోస్తారో మీరే చెప్పండి, బిడ్‌లో 15 శాతం మాత్రం నగదివ్వండి అన్నారు. అందుకే 18,000లో 15,300 కోట్లు అప్పు, 2,700 కోట్లు నగదు. రిజర్వు ధర, అంటే ఇంతకు తక్కువైతే అమ్మబోమని ప్రభుత్వం పెట్టుకున్న ధర, రూ.12,906 కోట్లు.

2021 ఆగస్టు చివరికి మొత్తం అప్పు రూ.61,562 కోట్లు. మిగిలిన రూ.46,262 కోట్లు ప్రభుత్వ సంస్థ ఎయిర్ ఇండియా అసెట్స్ హోల్డింగ్ లిమిటెడ్ (ఏఐఏహెచ్ఎల్)‌కు వెళ్లాయి, కొన్ని భూములు, భవనాలతో సహా. అంటే ఆ భారం మనదే. కానీ రోజుకు సుమారు రూ.20 కోట్ల నష్టం ఆగిందన్నదీ లెక్కలో వేసుకోవాలి.

ప్రశ్న: ఏ విమానయాన సంస్థ ఆర్థిక పరిస్థితినైనా అంచనా వేయాలంటే వార్షిక నివేదికలో ముందు ఏం చూడాలి?
– అదే విద్యార్థి

జవాబు: నికర లాభం చివర చూడండి. ముందు సీటు-కిలోమీటరు ఖర్చు. దాన్ని ఇంధనంతో ఒకసారి, ఇంధనం తీసేసి ఒకసారి. ఇంధనం ధర ఎవరి చేతిలోనూ లేదు, మిగతాదే యాజమాన్యం పనితనం. తర్వాత విమానం రోజుకు ఎన్ని గంటలు ఎగురుతోందో చూడండి. చిన్న విమానాలు 12 గంటల దరిదాపుల్లో ఉంటే మేలు. 9 దాటకపోతే ఇంజిన్లు గానీ విడిభాగాలు గానీ దొరక్క నేల మీద విమానాలు ఆగి ఉన్నాయేమోనని అనుమానించాలి. ఆపైన వడ్డీ, లీజు అద్దెలు కలిపి రాబడిలో ఎంత శాతమో లెక్కగట్టండి. అద్దె డాలర్లలో, టికెట్ రూపాయల్లో ఉంటే మారకపు రేటు నోట్ కూడా చదవకుండా వదలొద్దు.