టెక్ సందేహాలు: డిస్‌ప్లే చెప్పిందని నమ్మేశారా?

“డిజిటల్ వీఎఫ్‌ఓ (రేడియోకు కావాల్సిన ఫ్రీక్వెన్సీని పుట్టించే సర్క్యూట్) కిట్ తెప్పించుకుని వారం రోజులు కూర్చుని సోల్డరింగ్ చేశాను. డిస్‌ప్లేలో 7.100.000 అని చక్కగా వస్తోంది. పక్కనున్న రిసీవర్‌ను అదే ఫ్రీక్వెన్సీలో పెడితే మాత్రం ఏమీ వినిపించదు. నాబ్ తిప్పుతూ పోతే 7.668 మెగాహెర్ట్జ్ దగ్గర ఈల వినిపించింది. చిప్ పాడైందా? మార్చెయ్యనా?”

మార్చకండి. 7.668ని 7.1తో భాగించి చూడండి, 1.08 వస్తుంది. 27ని 25తో భాగించినా అంతే వస్తుంది. మీ బోర్డు మీద ఉన్నది 27 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, అంటే చిప్ లెక్కలకు ఆధారమయ్యే గడియారం. మీరు ఎక్కించిన ప్రోగ్రామేమో 25 అనుకుని లెక్కలు కడుతోంది. ఫ్రీక్వెన్సీ పుట్టించే ఎస్ఐ5351 చిప్ ఈ రెండింటిలో దేనితోనైనా పనిచేస్తుంది కాబట్టి బోర్డులు తయారుచేసేవాళ్లు చేతికందింది అతికించేస్తారు. క్రిస్టల్ మీద అంకెను భూతద్దంతో చదివి, ప్రోగ్రాంలో ఆ ఒక్క చోట మార్చండి. పది నిమిషాల పని.

ఈ ఫిర్యాదు నాకు రావడం ఇది మొదటిసారి కాదు. ఒకరికి 200 హెర్ట్జ్ తేడా, ఇంకొకరికి కిలోహెర్ట్జ్ పైన. తేడా ఎంతైనా ఉత్తరం చివర మాత్రం అందరిదీ ఒకే మాట: “కానీ డిస్‌ప్లే కరెక్ట్‌గానే చూపిస్తోంది సార్!” ఎందుకు చూపించదు? ఆ అంకెను తెర మీద రాసింది ప్రోగ్రాం. చిప్‌ను “7.1 ఇవ్వు” అని అడిగిందీ అదే ప్రోగ్రాం. చిప్ నిజంగా ఏమిచ్చిందో దానికి తెలియదు, తెలుసుకోవడానికి వెనక్కి వచ్చే వైరు ఒక్కటీ లేదు. అవుట్‌పుట్ వైరు తెంపి పారేసినా ఆ తెర 7.100.000 అనే అంటుంది. అక్కడ కనిపించేది మనం పెట్టుకున్న అర్జీ, అంతే.

ఇక్కడ కిట్లు అమ్మేవాళ్ల మీద కూడా నాకు కోపం ఉంది. “0.03 హెర్ట్జ్ కచ్చితత్వం” అని రాసుకుంటారు. ఏడీ9850 లాంటి డీడీఎస్ (తరంగాన్ని అంకెలతో తయారుచేసే) చిప్‌లో 125 మెగాహెర్ట్జ్ క్లాక్‌ను 32 బిట్లతో ముక్కలు చేస్తే ఒక్కో అడుగు 0.0291 హెర్ట్జ్ వస్తుంది, నిజమే. కానీ అది అడుగు ఎంత చిన్నదో చెప్పే లెక్క. అసలు నిలబడ్డ చోటు ఎక్కడో తేల్చేది క్రిస్టల్. ఆ క్రిస్టల్ 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) పక్కకు జరిగి ఉంటే 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర 142 హెర్ట్జ్ తేడా. అలాంటప్పుడు తెర మీద చివరి మూడు అంకెలు వట్టి అలంకారం. దారం కట్టిన సూదితో నడిచే పాత డయల్‌లో సూది మందమే కొన్ని కిలోహెర్ట్జ్ ఉండేది. అదే నయం, తనకు తెలియని అంకెను అది చెప్పేది కాదు.

మరి టెస్ట్ చేయడం ఎలా? “ఫ్రీక్వెన్సీ కౌంటర్ కొననా” అని అడుగుతారు. ఆ కౌంటర్‌లో ఉన్నదీ ఒక క్రిస్టలే. దాని సంగతి ఎవరు చూశారు? అంతకంటే మంచి దారి గాలిలోనే ఉంది. డబ్ల్యూడబ్ల్యూవీ (అమెరికా), బీపీఎం (చైనా) లాంటి సమయ ప్రసార కేంద్రాలు 5, 10, 15 మెగాహెర్ట్జ్ మీద అణు గడియారాల ఆధారంతో ప్రసారం చేస్తుంటాయి. మీకు వినిపించే కేంద్రాన్ని 10 మెగాహెర్ట్జ్ దగ్గర పట్టుకోండి. రిసీవర్‌ను ఏఎం మోడ్‌లో ఉంచండి, ఎస్‌ఎస్‌బీలో (సింగిల్ సైడ్‌బ్యాండ్) వద్దు. వీఎఫ్‌ఓ అవుట్‌పుట్‌కు జానెడు వైరు తగిలించి యాంటెన్నా వైరుకు కాస్త దూరంలో పెట్టండి. వీఎఫ్‌ఓను 10.000.000కి తెచ్చేసరికి రెండు సిగ్నళ్లూ కలిసి ఒక ఈల వేస్తాయి. తేడా తగ్గేకొద్దీ ఈల బొంగురుపోయి, చివరికి శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంది. సెకనుకు ఒక ఊపు అంటే ఒక హెర్ట్జ్ తేడా అన్నమాట. ఏఎం ఎందుకన్నానంటే, ఇందులో మీ రిసీవర్ డయల్ తప్పు లెక్కలోకే రాదు. రెండు సిగ్నళ్లూ ఒకదానితో ఒకటి నేరుగా తలపడతాయి. ఎస్‌ఎస్‌బీలో అయితే రిసీవర్ సొంత ఆసిలేటర్ కూడా మధ్యలో దూరుతుంది.

ఊపు ఆగడానికి వీఎఫ్‌ఓను 10.000.300కి తీసుకెళ్లాల్సి వచ్చిందనుకోండి. తేడా 300 హెర్ట్జ్, అంటే 30 పీపీఎం. దాన్నే ప్రోగ్రాంలో దిద్దుబాటు విలువగా ఇవ్వాలి. కొందరు అన్ని బ్యాండ్లలోనూ 300 హెర్ట్జ్ కూడేస్తున్నారు, అది తప్పు. అదే తేడా 7.1 దగ్గర 213, 14.2 దగ్గర 426 అవుతుంది. ఎస్ఐ5351లో క్రిస్టల్ లోడ్ కెపాసిటెన్స్‌కు (క్రిస్టల్ మీద పడే కెపాసిటర్ భారానికి) 6, 8, 10 పికోఫారడ్ అని మూడు సెట్టింగులున్నాయి. అది తప్పుగా ఉన్నా ఫ్రీక్వెన్సీ పక్కకు జరుగుతుంది కాబట్టి ముందు దాన్ని చూసుకుని ఆ తర్వాతే కాలిబ్రేషన్‌కు దిగండి.

ఇంకో మాట, నేను చేసిన తెలివితక్కువ పని గురించి. నా మొదటి వీఎఫ్‌ఓను బల్ల మీద ఊపు ఆగేదాకా ఓపిగ్గా సర్దాను. మర్నాడు పెట్టెలో బిగించి మూత వేశాను. అరగంటకల్లా ఫ్రీక్వెన్సీ జారిపోవడం మొదలైంది. చూస్తే 7805 రెగ్యులేటర్‌ను సరిగ్గా క్రిస్టల్ పక్కనే నిలబెట్టాను. 12 వోల్టులను 5కి దించుతూ 100 మిల్లీయాంపులు ఇస్తుంటే దాని ఒంట్లో 0.7 వాట్ల వేడి. మూత వేశాక ఆ వేడి ఎక్కడికి పోతుంది? కాలిబ్రేషన్ పెట్టెలో బిగించాక చేయాలి, అదీ అరగంట ఆన్‌లో ఉంచి.

“7.1 పెడితే 21.3 మెగాహెర్ట్జ్‌లోనూ నా సిగ్నలే వినిపిస్తోంది” అని ఇంకొకరు. ఎస్ఐ5351 ఇచ్చేది స్క్వేర్ వేవ్ అండీ. మూడో హార్మోనిక్ (మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ) అసలు దానికి 9.5 డీబీ మాత్రమే కింద ఉంటుంది. రేడియోలోని మిక్సర్‌కు (రెండు ఫ్రీక్వెన్సీలను కలిపే సర్క్యూట్) ఇస్తే ఇబ్బంది లేదు. యాంప్లిఫయర్ పెట్టి ప్రసారం చేస్తే మాత్రం లో పాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలను ఆపేది) లేకుండా యాంటెన్నా జోలికి పోవద్దు.

“ఎల్‌సీడీలో నల్ల డబ్బాలు తప్ప అక్షరాలు లేవు” అన్నవాళ్లకు: డబ్బాలు కనిపిస్తే కరెంటు వస్తోంది, ప్రోగ్రాం మాటే డిస్‌ప్లేకు చేరలేదు. ఐ2సీ (చిప్‌లు రెండు వైర్ల మీద మాట్లాడుకునే పద్ధతి) చిరునామా 27 హెక్సానా, 3ఎఫ్ హెక్సానా అన్నది స్కానర్ ప్రోగ్రాంతో చూడండి, రెండు రకాలూ అమ్ముతున్నారు. ఆసిలేటర్ చిప్ కూడా అవే రెండు వైర్ల మీద ఉంటుంది కనుక అది మొరాయించినా డిస్‌ప్లే ఖాళీగా ఉండొచ్చు. అసలేమీ కనిపించకపోతే, దయచేసి, కాంట్రాస్ట్ స్క్రూ తిప్పాకే నాకు రాయండి.

ఇప్పుడు నన్ను నిజంగా టెన్షన్ పెట్టిన ఉత్తరం. “కిట్‌తో ప్రోగ్రాం రాలేదు. వీడియో కింద ఎవరో ఇచ్చిన లింక్ నుంచి జిప్ దించుకున్నాను. యాంటీవైరస్ ఆపేసి సెటప్ నడపమన్నారు, నడిపాను. వీఎఫ్‌ఓ పనిచేస్తోంది. కానీ కంప్యూటర్ నెమ్మదించింది. ర్యామ్ పెంచాలా?”

ర్యామ్ సంగతి తర్వాత. ముందు ఆ కంప్యూటర్‌ను నెట్ నుంచి తప్పించండి. వేరే పరికరం నుంచి మెయిల్, బ్యాంక్ పాస్‌వర్డులు మార్చి, అన్నిచోట్లా లాగౌట్ కొట్టండి. ఫైళ్లు కాపీ చేసుకుని ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయండి. అతి చేస్తున్నాననిపించవచ్చు. యాంటీవైరస్ ఆపితేగాని నడవని డ్రైవర్‌ను నేనైతే నా యంత్రం మీద ఉంచుకోను.

ప్రమాదం ఎక్కడుందో సరిగ్గా తెలుసుకోవాలి. యూఎస్‌బీకి విడిగా సీరియల్ చిప్ ఉన్న మామూలు 8 బిట్ బోర్డులో ఎక్కించిన హెక్స్ ఫైల్ (చిప్‌లోకి వెళ్లే, కంపైల్ చేసిన ప్రోగ్రాం) మీ కంప్యూటర్‌ను పెద్దగా ఏమీ చేయలేదు. ఆ హెక్స్ పక్కన జిప్‌లో కూర్చున్న సెటప్ ఫైలే అసలు దొంగ. ఇంకో రకం బోర్డులుంటాయి, ప్రధాన చిప్పే నేరుగా యూఎస్‌బీ మాట్లాడుతుంది. వాటికి కీబోర్డులా నటించడం వచ్చు. అలాంటి దాంట్లో ముక్కూమొహం తెలియని హెక్స్ ఎక్కిస్తే, ప్లగ్ పెట్టిన క్షణంలో అది మీ బదులు టైపు చేయగలదు. అందుకే సోర్స్ కోడ్ దొరికే ప్రోగ్రామే ఎంచుకుని మీరే కంపైల్ చేసుకోండి. సీరియల్ చిప్ డ్రైవర్ చాలావరకు ఆపరేటింగ్ సిస్టమే తెచ్చుకుంటుంది, తేకపోతే చిప్ తయారీదారు సైట్ నుంచే తీసుకోండి.

అధికారిక డ్రైవర్లన్నీ బుద్ధిమంతులని కాదు. 2014లో ఒక చిప్ తయారీదారు డ్రైవర్ అప్‌డేట్ నకిలీ చిప్‌ల గుర్తింపు సంఖ్యను సున్నా చేసేసింది. నిన్నటిదాకా నడిచిన కేబుళ్లు, బోర్డులు తెల్లారేసరికి కంప్యూటర్‌కు కనిపించకుండా పోయాయి. నకిలీ చేసినవాడు హాయిగానే ఉన్నాడు, తెలియక కొన్నవాడి బల్ల మీద పని ఆగింది. అప్‌డేట్ పేరుతో వినియోగదారుడి వస్తువు మీద చెయ్యి వేయడాన్ని నేను ఇప్పటికీ ఒప్పుకోను.

కొత్తగా ఇంకో జబ్బు మొదలైంది, వైఫై వీఎఫ్‌ఓ. ఫోన్‌లో పేజీ తెరిచి ఫ్రీక్వెన్సీ మార్చుకోవచ్చు, ప్రసారం కూడా అక్కడి నుంచే నొక్కవచ్చు. చాలా ప్రోగ్రాముల్లో ఆ పేజీకి పాస్‌వర్డే ఉండదు. “బయట ఉన్నప్పుడూ వాడుకుందామని రౌటర్‌లో పోర్ట్ తెరిచాను” అని ఒక పాఠకుడు గర్వంగా రాశారు. ఇంటర్నెట్‌లోని మొత్తం ఐపీవీ4 చిరునామాలను ఒక పోర్ట్ కోసం గంటలోపే తడిమేసే స్కానర్లు 2013 నుంచే ఉన్నాయి. మీ పేజీ ఎవరికీ తెలియదనుకోవడం భ్రమ. ఎవడో ఆకతాయి దాన్ని బ్యాండ్ బయటకు తిప్పి ప్రసారం నొక్కితే, హామ్ రేడియో లైసెన్స్ మీద ఉన్న పేరు మీది, జవాబు చెప్పాల్సిందీ మీరే. ఆ పోర్ట్ ఈ పూటే మూసేయండి. బయటి నుంచి వాడాలంటే వీపీఎన్ పెట్టుకోండి. ప్రసారం లైనుకు ప్రోగ్రాంతో సంబంధం లేని టైమర్ ఒకటి విడిగా కట్టండి, ఎవరు నొక్కినా మూడు నిమిషాలకు తెగిపోయేలా.

చివరగా, ఎన్‌కోడర్ (ఫ్రీక్వెన్సీ మార్చే నాబ్) ఒక్క క్లిక్కుకు నాలుగు అడుగులు దూకుతోందన్నవారికి. ఒక క్లిక్కులో నాలుగు మార్పులు జరుగుతాయి, మీ ప్రోగ్రాం నాలుగింటినీ లెక్కపెడుతోంది. నాలుగుతో భాగించండి. అలాగే మీరు పంపిన కోడ్‌లో నాబ్ కదిలిన ప్రతిసారీ ఫ్రీక్వెన్సీని ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీ) రాస్తున్నారు. దానికి తయారీదారు హామీ లక్ష రాతలు. 100 హెర్ట్జ్ అడుగుతో 7.000 నుంచి 7.200 దాకా ఒకసారి వెళ్తే 2,000 రాతలు, యాభైసార్లు తిరిగితే లక్ష. నాబ్ కదలడం ఆగి ఐదు సెకన్లయ్యాక ఒక్కసారి రాయించండి చాలు.