ఎమ్మెస్సీ తర్వాత పరిశోధన: తోడు వెతుక్కుని బయల్దేరండి

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బోటనీ చివరి సంవత్సరం చదువుతున్నాను. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. పీహెచ్‌డీ చేయాలని ఉంది. బీఈడీ చేసి గురుకులం పోస్టు కొట్టమని నాన్న అంటున్నారు. మా సీనియర్ అక్కల్లో చాలామంది పెళ్లయ్యాక సైన్స్ వదిలేశారు. పంటల మీద తెలుగులో చిన్న వ్యాసాలు రాయడం నాకిష్టం, అదీ టైం వేస్టంటున్నారు. ఆడపిల్ల పరిశోధనలో చివరిదాకా నిలబడగలదా?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: నిలబడగలదమ్మా. అయితే దానికి మార్కులతో పాటు మనుషులు కూడా కావాలి. ఆ మనుషులను ఇప్పటినుంచే కూడగట్టుకోండి.

ఉన్నత విద్యపై కేంద్రం చేసిన 2021-22 సర్వేలో, దేశం మొత్తం మీద సైన్స్ చదువుతున్న 57.2 లక్షల మందిలో 29.8 లక్షల మంది అమ్మాయిలే. అంటే 52.1 శాతం. పరిశోధన ఉద్యోగాల్లోకి వచ్చేసరికి మహిళలు ఐదో వంతు కూడా లేరు. మధ్యలో జారిపోయిన వాళ్లకు తెలివి తక్కువైందా? కాదు. పెళ్లి, కాన్పు, భర్తకు బదిలీ, ఇంట్లో పెద్దవాళ్ల జబ్బు... ఇలాంటి చోట్ల ‘ఇట్లా చెయ్యి, ఆగిపోవాల్సిన పని లేదు’ అని చెప్పే మనిషి దొరక్క ఆగిపోయిన ఆడపిల్లలను నేను చాలామందినే చూశాను.

ఒక్క సంగతి చెప్తాను. పీహెచ్‌డీ మధ్యలో బిడ్డ పుడితే సీటు పోయినట్టేనని ఇప్పటికీ ఎందరో అనుకుంటారు. యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2022 రూల్స్ ప్రకారం మహిళా స్కాలర్లకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు మొత్తం 240 రోజుల దాకా ఉంది. థీసిస్ (పరిశోధన గ్రంథం) సమర్పించడానికి మామూలు గడువు 6 ఏళ్లు, మళ్లీ రిజిస్టర్ చేసుకుంటే మరో 2 ఏళ్లు, మహిళలకు ఆపైన ఇంకో 2 ఏళ్లు. మొత్తం 10 ఏళ్లు దాటకూడదు, అంతే. ఈ మాట ఆఫీసులో ఎవరూ పిలిచి చెప్పరు. ఆ సెలవు పెట్టి, తిరిగొచ్చి, థీసిస్ పూర్తి చేసిన అక్క చెప్తుంది. ఆమె ఏ డిపార్ట్‌మెంట్‌లో ఉందో మీకు తెలిసి ఉండాలి.

ముంబైలో 1973లో కొందరు మహిళా శాస్త్రవేత్తలు కలిసి ఇండియన్ విమెన్ సైంటిస్ట్స్ అసోసియేషన్ పెట్టుకున్నారు. ఆ సంఘం నవీ ముంబైలో ఉద్యోగినులకు హాస్టల్, పసిపిల్లలకు సంరక్షణ కేంద్రం నడుపుతూ వచ్చింది. సైన్స్ సంఘానికి పిల్లల ఉయ్యాలతో పనేమిటని ఎవరైనా అడిగితే, ఆ ఉయ్యాల లేకే ఎందరో తల్లులు ల్యాబ్ వదిలారని చెప్పండి. మీరు అంత పెద్ద సంఘం పెట్టనక్కర్లేదు. మీ బోటనీ నుంచి ఇద్దరు, జువాలజీ, కెమిస్ట్రీల నుంచి ఇద్దరు ముగ్గురు, వరంగల్ వ్యవసాయ పరిశోధన స్థానంలోనో నిట్‌లోనో పరిశోధన చేస్తున్న ఒకరిద్దరు అక్కలు చాలు. నెలకోసారి కూర్చోండి. నోటిఫికేషన్లు, పరిశోధన చేయించే గైడ్ల తీరు, ఫీల్డ్ వర్క్‌కు వెళ్తే రాత్రి తిరిగొచ్చే బస్సు దాకా అన్నీ మాట్లాడుకోండి.

ఇక మీ రాత. దాన్ని మానొద్దని గట్టిగా చెప్తున్నా. అలాంటి మనుషులు మిమ్మల్ని వెతుక్కుంటూ రావడానికి దానికి మించిన దారి లేదు. 2021-22లో మన మిరప తోటలను నల్ల తామర పురుగు ఎలా తుడిచిపెట్టిందో మీ ఊళ్లో చూసే ఉంటారు. అది పూత లోపల దాక్కుంటుంది. అందుకే ఆకుల మీద ఎంత మందు కొట్టినా అనుకున్నంత ఫలితం కనపడదు. పూలు కోసి తెల్ల కాగితం మీద దులిపితే సన్నటి నల్లటి పురుగులు పాకుతూ కనిపిస్తాయి. ఈ నాలుగు మాటలు ఫొటోతో సహా తెలుగులో సరిగ్గా రాస్తే ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతు చదువుతాడు, అదే పురుగు మీద పనిచేస్తున్న పరిశోధకురాలూ చదువుతుంది. ఆమె మీకు ఉత్తరం రాస్తే అక్కడే ఒక పరిచయం మొదలవుతుంది. జన విజ్ఞాన వేదిక వాళ్ల ‘చెకుముకి’ లాంటి పిల్లల సైన్స్ పత్రికకు రాసి చూడండి. తెలుగు వికీపీడియాలో మొక్కల వ్యాసాలు సరిదిద్దండి. అక్కడ ప్రతి మాటకూ ఆధారం చూపించాలి, థీసిస్‌కూ కావాల్సింది ఆ అలవాటే.

రెండు జాగ్రత్తలు. ల్యాబ్‌లో ఇంకా అచ్చు కాని ఫలితాలను గైడ్ అనుమతి లేకుండా బయట పెట్టకండి. ఫోన్ నంబరు, హాస్టల్ వివరాలు రాతల కింద ఇవ్వకండి. ఇప్పట్లో దీనికి ఆదివారం పూట రెండు గంటలు మించొద్దు, ఎందుకంటే ముందు నెట్ (జాతీయ అర్హత పరీక్ష) దాటాలి. దీంతో మొదట్లో డబ్బులు రావు. ముందుముందు పేటెంట్ల పని, సైన్స్ ఎడిటింగ్, వ్యవసాయ విస్తరణ వంటి ఉద్యోగాలకు మాత్రం ఈ రాత చేతికొస్తుంది.

నాన్నగారితో గొడవ పడకండి. ఆయనకు కావాల్సింది మీ భద్రత. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ లైఫ్ సైన్సెస్ ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. అందులో జేఆర్ఎఫ్ (పరిశోధనకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి అమలైన రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటద్దె భత్యం వేరు. జేఆర్ఎఫ్ రాకున్నా అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వస్తే డిగ్రీ కాలేజీ దారి తెరిచే ఉంటుంది. జేఆర్ఎఫ్ వయసులో మహిళలకు 5 ఏళ్ల సడలింపు ఉంది. ఈ అంకెలు కాగితం మీద రాసి ముందు పెట్టి, రెండు నెట్‌లు రాసేదాకా టైం అడగండి. అప్పటికీ రాకపోతే బీఈడీలో చేరండి, అందులో చిన్నతనమేమీ లేదు.

ఎప్పుడైనా విరామం వచ్చినా తలుపులు మూసుకుపోవు. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం వాళ్ల వైజ్-కిరణ్, బయోటెక్నాలజీ విభాగం వాళ్ల బయోకేర్ పథకాలు మహిళా శాస్త్రవేత్తల కోసమే ఉన్నాయి. వైజ్-కిరణ్‌లో పేటెంట్ల వంటి మేధో సంపత్తి హక్కుల శిక్షణ కూడా ఉంది.

తెలుగు మీడియం అని వెనకాడుతున్నారేమో. దేశంలోని ఎన్నో ప్రయోగశాలలను నడిపే సీఎస్ఐఆర్‌కు 2022లో తొలి మహిళా డైరెక్టర్ జనరల్ అయిన ఎన్. కలైసెల్వి బడి చదువు తమిళ మీడియంలోనే. ప్రతి వ్యాసం తెలుగులో రాశాక అదే విషయాన్ని ఇంగ్లిష్‌లో ఒక పేజీ రాయండి, ఇంటర్వ్యూ నాటికి జంకు పోతుంది.

గైడ్‌ను ఎంచుకునే ముందు మాత్రం ఆ ల్యాబ్‌లో ఇప్పటికే చదివిన అమ్మాయిలతో మాట్లాడండి. ఎంతమంది పూర్తి చేశారు, మధ్యలో మానేసిన వాళ్లు ఎందుకు మానేశారు, ఫెలోషిప్ సంతకాలు టైంకు పడతాయా, లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీలో ఎవరున్నారు అని అడగండి. సూటిగా జవాబు రాని చోట అప్లికేషన్ పెట్టకండి.