చల్లారిన లావా మీద నడవవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఫిబ్రవరిలో హవాయి తీసుకువెళతానంటున్నాడు. అక్కడ కిలవేయా ఇకి అనే అగ్నిపర్వత బిలంలోకి దిగి, లావా మీదుగా నడిచే దారి ఉందట. ఇప్పటికీ పొగలు వస్తాయని విన్నాను. నాకు 62 ఏళ్లు. వెళ్లవచ్చా? మా ఊరి చుట్టూ ఉన్న కొండలు కూడా లావాయేనా?
– ఒక పాఠకురాలు, టెక్కలి

జవాబు: వెళ్లండమ్మా. విజయనగరంలో ముప్పయ్యేళ్లు భూగర్భశాస్త్రం చెప్పాను కానీ, నాకు తెలిసిన లావా అంతా బల్ల మీద పెట్టుకున్న అరచేతంత ముక్కే. పదవీ విరమణ తరువాత మా అమ్మాయి పుణ్యమా అని ఆ దారిలో నడిచాను.

అక్కడ వచ్చేది పొగ కాదు, ఆవిరి. 1959 నవంబరులో మొదలైన విస్ఫోటనంలో లావా 580 మీటర్ల ఎత్తుకు చిమ్మి, బిలం అడుగున చెరువై నిలిచింది. బెల్లం పాకం పొయ్యి మీద నుంచి దించాక పైన పొర కట్టినా లోపల కుతకుతలాడుతూనే ఉంటుంది కదా, ఆ చెరువూ అంతే. పూర్తిగా గట్టిపడేసరికి 1990ల నడిమికి వచ్చింది. అడుగు రాయి ఇంకా వేడిగానే ఉంది కాబట్టి పగుళ్లలోకి దిగిన వాననీరు ఆవిరై పైకి వస్తుంది. నేను వెళ్లినరోజు జల్లు పడుతోంది. ఇడ్లీపాత్ర మూత తీసినట్టు కళ్లజోడంతా మసకబారింది. ఆ పగుళ్ల పక్కనే ఓహియా మొక్కలు, ఎర్రటి పూలతో!

భయపడవలసింది వేడికి కాదు, మోకాళ్లకు. చుట్టి వస్తే 5.3 కిలోమీటర్లు. 122 మీటర్లు దిగి, మళ్లీ అంతా ఎక్కాలి. దిగేటప్పుడు అందరం హుషారే. సాలిహుండం కొండ ఎక్కి వచ్చిన మర్నాడు మోకాళ్లు ఏమన్నాయో గుర్తు చేసుకొని నిర్ణయించుకోండి. బూట్లు తప్పనిసరి. మా అమ్మాయి వద్దంటున్నా నేను చెప్పులతో వెళ్లాను. బిలం అంచున లేచి నిలిచిన లావా పలకల మధ్య జారి చెయ్యి ఆనించాను. లావా పైపొరలో గాజు ఉంటుందని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో, అది నా అరచేతికి ఆరోజు తెలిసింది.

దారి పొడవునా రాళ్ల కుప్పలు కనిపిస్తాయి. ఇల్లు కట్టుకోవాలని మొక్కుకొని కొండదారుల్లో రాళ్లు పేర్చే అలవాటు మనకుంది. అక్కడ మాత్రం చేతులు కట్టుకోండి. ఆ కుప్పలే దారి గుర్తులు. ఉబ్బసం ఉంటే ఇంకో మాట: పక్కనే ఉన్న హలెమావుమావు బిలం 2024 డిసెంబరు నుంచి ఆగి ఆగి ఎగజిమ్ముతోంది, గంధకపు వాయువు గాలివాటున ఇటు రావచ్చు. ఆ పూట దారి తెరిచారో లేదో అబ్బాయిని కనుక్కోమనండి.

ఇక మన కొండలు లావా కావు. ఇవి ఎక్కువగా ఖోండలైటు, చార్నకైటు. భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ రూపు మారిన రాళ్లు. ఖోండలైటులో ఎర్రగా మెరిసే గింజలు గార్నెట్లు. ఖోండలైటు అనే పేరు కూడా మన కొండల్లోని ఖోండు గిరిజనుల నుంచి వచ్చిందే.

హవాయి నుంచి గులకరాయి కూడా తేవద్దు, అక్కడ అది నేరం. లావాను తడిమి చూడాలనుంటే రాజమండ్రి దగ్గర కాతేరు వెళ్లండి. సుమారు 6.6 కోట్ల ఏళ్లనాటిది, ఎప్పుడో చల్లారింది. చెప్పులతోనే వెళ్లవచ్చు.